సుంకమ్మవ్వ ఆపించిన గాలిమర

1995 మార్చి ఆఖరి వారం. పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య, మేకలు కూడా నిట్టూర్చి ఎక్కే ఒక బోడిగుట్ట మీద నేను, ఒక గాలిమర, బొంబాయి నుంచి దిగిన ఒక బిస్కెట్ల సేటు, ముగ్గురం గాలి కోసం కాచుకుని ఉన్నాం. తొందర సేటుది, కోపం నాది. గాలిమర మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉంది.

నాది హిందూపురం. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, గాలిమరలు నిలబెట్టే కంపెనీలో సైట్ ఇన్‌చార్జిగా చేరాను. సైట్ ఇన్‌చార్జి అంటే బోల్టు వదులైనా, కాపలాదారుకు జ్వరమొచ్చినా, సేటుకు మజ్జిగ కావాల్సి వచ్చినా తిట్లు తినే మనిషి అని అర్థం. మిషన్ లోపలి సామానంతా డెన్మార్క్ నుంచి ఓడలో మద్రాసుకు వచ్చింది. అలాంటివి అప్పటికి మనవాళ్లు పెద్దగా చేసేవాళ్లు కాదు కాబట్టి ఢిల్లీవాళ్లు వాటికి దిగుమతి సుంకం తగ్గించి దారి ఇచ్చారు. టవర్ తలుపుకు ఒక హెచ్చరిక కూడా ఆ దేశం నుంచే అంటుకుని వచ్చింది: రెక్కల మీద మంచు పేరుకుంటే కింద నిలబడవద్దు అని. పెనుకొండ ఎండలో అది చదివినవాళ్లు రెక్కలను వదిలేసి నన్ను ఎగాదిగా చూసేవాళ్లు.

బిస్కెట్లు చేసుకునే మనిషికి గాలిమర ఎందుకంటారా? నేనూ అదే అడిగాను. డిప్రిసియేషన్ అని ఒకటి ఉంటుంది. యంత్రం అరిగినదాని కింద లాభంలో నుంచి కొంత తీసేసి, మిగిలినదానికే పన్ను కట్టడం. మామూలు యంత్రాలకు ఈ తీసివేత ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా సాగుతుంది. గాలి కరెంటు దేశంలో పెరగాలని, గాలిమర కొన్నవాళ్లు ఖరీదులో చాలా భాగం వెంటనే తీసేసుకోవచ్చన్నారు. షరతు ఒక్కటే, మార్చి ముగిసేలోపు కమిషనింగ్ అయిపోవాలి. అంటే మిషన్ తిరిగి, దాని కరెంటు లైన్లోకి ఎక్కి, మీటర్ కదలడం కరెంటు ఏఈ గారు కళ్లారా చూడాలి. ఆ తర్వాత ఎంత తిరగాలి అన్నది ఎవరూ అడగలేదు. ఈ ఆఖరి సంగతి నా బుర్రకు అప్పట్లో ఎక్కలేదు.

మా గుట్టల మీద అసలు గాలి జూన్‌లో మొదలవుతుంది. లెక్కల సంవత్సరమేమో మార్చిలో ముగుస్తుంది. ఈ రెండింటికీ ముడిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఏనాడూ గుట్ట ఎక్కినవాడు మాత్రం కాడు.

ఖాళీగా కూర్చోవడం చేతగాక ఒక పొద్దున మోటరింగ్ టెస్ట్ పెట్టాను. గాలి లేనప్పుడు లైన్లో నుంచి కరెంటిస్తే జెనరేటరే మోటారులా రెక్కలను తిప్పుతుంది. ఏదైనా అదురుతోందా, రుద్దుకుంటోందా అని ముందే తెలిసిపోతుంది. మంచి టెస్టే. చేసిన వేళే మంచిది కాదు. గుట్ట కింది పల్లె పల్లెంతా ఆ పొద్దున చూడటానికి వచ్చి ఉంది.

రెక్కలు కదలగానే ఈలలు, కేకలు. అందరికంటే ముందు సుంకమ్మవ్వ నిలబడి ఉంది. గుట్ట కిందే ఆమెకు కాస్త ఎర్రనేల ఉంది. మనిషి పిడికెడే, గొంతు మాత్రం అవతలి గుట్టకు వినిపిస్తుంది.

"ఏమబ్బా, ఆకు కూడా అల్లాడలేదే, ఇది ఎట్ల తిరుగుతాండాది?"

"కరెంటిచ్చినామవ్వా."

"కరెంటు చేసే మిషనంటివి. దానికి కరెంటేల?"

మా పెరట్లో చేతిపంపు గుర్తొచ్చింది. "పంపు ఎండిపోతే ముందు చెంబుడు నీళ్లు పోసి కొడతాం గదవ్వా, అట్లనుకో."

"చెంబుడు పోస్తే బిందెడు రావల్ల. నీకెంతొచ్చె?"

"ఇంకా రాలేదవ్వా."

"అయితే ఇది ఫ్యానే," అని తీర్పు చెప్పి ఆమె గుట్ట దిగిపోయింది. పల్లెకంతటికీ ఆమె మాటే వేదం. మరుసటి పొద్దుకు నేను ఫ్యాను సారునైపోయాను. డిప్లొమా ఫస్టు క్లాసులో పాసైనవాడిని!

ఆఖరి రోజు వచ్చింది. ఏఈ గారు మీటర్ ముందు కుర్చీ వేసుకున్నారు. సేటు గొడుగు కింద చెమటలు కక్కుతూ, "గాలి ఎన్నింటికి వస్తుంది భాయ్?" అని ధర్మవరం బస్సు సంగతి అడిగినట్టు నన్ను అడుగుతున్నాడు. మధ్యాహ్నం దాటాక, కాగల కార్యం గంధర్వులే తీర్చినట్టు, ఎటు నుంచో గాలి లేచింది. దుమ్ము లేచింది, గొడుగు తిరగబడింది, రెక్కలు వాటంతటవే తిరిగాయి. మీటర్ కదిలింది. సేటు ఏఈ గారిని కౌగిలించుకుని, టెంకాయ కొట్టి, పల్లెకంతా బిస్కెట్లు పంచి, వచ్చిన కారులోనే బెంగళూరు వెళ్లిపోయాడు. పోతూ పోతూ మిషన్ వైపు తలెత్తి కూడా చూడలేదు. అలసిపోయాడు పాపం అనుకున్నాను.

జూన్ వచ్చింది. నైరుతి గాలి గుట్టకు ఎదురు నిలిచి కొడుతుంటే నా మిషన్ పగలనక రాత్రనక తిరిగింది. ఆ రెక్కల హోరు వింటుంటే అన్నం తినకపోయినా కడుపు నిండేది. ఆ చప్పుడు కోసమే ఉద్యోగం చేస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది.

కింద మాత్రం వేరే కథ. తొలకరికి సుంకమ్మవ్వ వేరుశనగ విత్తింది. మొలకలొచ్చాయి, ఆ తర్వాత వాన లేదు. నల్లటి మబ్బులు పడమట లేచి, మా గుట్ట మీదుగా పరుగున పోయేవి. మా వైపు ఆ నెలల్లో ఎప్పుడూ అంతే. కానీ ఆ ఏడు ఆ మబ్బులకూ నేలకూ మధ్య నా ఫ్యాను ఉంది.

ఒక పొద్దున పల్లె మొత్తం గుట్టెక్కింది. సుంకమ్మవ్వ టవర్ మెట్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నిలబెట్టు దీన్ని. తిరగనీకు, మబ్బులను తరిమేస్తాండాది."

"మబ్బులు యాడో పైనుంటాయవ్వా. ఇది వాటి దాకా పోయేది కాదు. ఇది గాలి విసరదు, గాలికి తిరుగుతాది, అంతే."

"కండ్లతో చూసినాం గదప్పా! కరెంటిచ్చి తిప్పితివా, లేదా?"

"తిప్పినా, కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. తిప్పితివా, లేదా?"

తిప్పాను. ఏం కాదంటాను? తలూపాను. ఆమె గొంతు ఒక్కసారిగా తగ్గింది.

"చూడు నాయనా. ఆ గాలితో నీ కూడు, ఆ మబ్బుతో నా కూడు. సెనిక్కాయ వాడిపోతాండాది. ఇంకొక వారం పోతే ఇత్తనాలు కూడా మిగలవు. నీ ఫ్యాను నిలబెడితే నీకు పోయేదేముండాది?"

ఓనర్‌ను అడగాలని చెప్పి తప్పించుకుని పెనుకొండ ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తాను. సేటు కోప్పడతాడని నా ధైర్యం. లక్షలు పోసిన మిషన్‌ను మంచి గాలికాలంలో ఎవరైనా ఆపమంటారా? ఆయన తిట్లు మూటగట్టుకుని పోయి అవ్వ ముందు విప్పాలని నా ఎత్తు.

సేటు అంతా విని, "పెద్దావిడ అడుగుతోంది కదా, ఆపెయ్ భాయ్," అన్నాడు.

"సేట్‌జీ, ఇప్పుడే బాగా తిరిగే కాలం. కరెంటు అమ్మితే డబ్బొస్తుంది."

"వస్తే మంచిదే, రాకపోతే పోనీ. ఆ మిషన్ నాకు చేయాల్సిన పని మార్చిలోనే చేసేసింది. నువ్వు ఊరికే టెన్షన్ పడకు."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ బూత్‌లో నాకు ఏడుపొచ్చింది. సముద్రాలు దాటి వచ్చిన యంత్రం, దానికోసం ఎండలో మాడిన మేము, అంతా మార్చిలో ఒక్క పూట కోసమా? ఏడుపు తగ్గాక రోషం వచ్చింది. రోషం వస్తే నాకు నోరు ఊరుకోదు. తిన్నగా గుట్టెక్కి, పల్లె అందరి ముందూ పందెం కాశాను.

"మూడు దినాలు నిలబెడతా. వాన పడకపోతే మళ్లీ ఎవురూ ఈ మాటెత్తకూడదు. పడిందా, ఇంక దీన్ని ముట్టనే ముట్టను. నా మాట ఇది!"

ఆకాశం అద్దంలా మెరుస్తోంది. గెలుపు నాదేనని బ్రేకు వేసి, నిశ్చింతగా నిద్రపోయాను. మూడో రోజు సాయంత్రం ఉరుములు. ఆ వెనకే కుండపోత. కాకి వాలడం, తాటిపండు పడటం అని మీరంటారు, నేనూ అన్నాను. ఎవరు వింటారు? పల్లె మొత్తం వానలో చిందులేసింది. సుంకమ్మవ్వ ముద్దగా తడిసి వచ్చి నా చెంపలు నిమిరి, "సల్లగుండు నాయనా, నువ్వు మంచి ఫ్యాను సారువి," అంది. అబద్ధమెందుకు, చేను బతికిందని నాకూ సంతోషమైంది. కానీ పైకి చూస్తే రెక్కలు గాలికి ఉలకడం లేదు.

మాట మాటే. గాలికాలమంతా మిషన్ ఆగిపోయి ఉంది. కంపెనీ నుంచి కబురొస్తుందని, ఎవరో ఒకరు నిలదీస్తారని ప్రతి ఉదయం ఎదురుచూసేవాడిని. చెప్పడానికి సంజాయిషీలు కూడా వరసగా అనుకుని పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. బొంబాయి అడగలేదు, మా ఆఫీసు అడగలేదు, రాయితీ ఇచ్చిన ఢిల్లీ అసలే అడగలేదు. తిడితే బాగుండునని దారి చూసిన ఉద్యోగి దేశంలో నేనొక్కడినేనేమో.

మరుసటి ఏడు గాలి లేచే వేళకు సుంకమ్మవ్వ ఒంటరిగా రొప్పుకుంటూ గుట్టెక్కింది. ఈ ఏడూ తిప్పొద్దనడానికే వచ్చిందనుకుని నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఏమబ్బా, ఇది చచ్చిపోయిందా? తిరగదే?"

"నువ్వే కదవ్వా నిలబెట్టమంటివి!"

"అది పోయినేడు. ఇప్పుడు బోరేసినా. నీళ్లు పడినాయి, మోటరే గుర్రుమని నిలబడిపోతాండాది. లైన్‌మన్‌ని అడిగితే ఓల్టేజీ లేదంటాడు. గుట్ట మింద మిషన్ తిరిగితే మన లైనుకు బలమొస్తాదంట. తిప్పు నాయనా."

"మళ్లీ ఎవరైనా వానంటే? నేను మాటిచ్చి ఉండా."

"నాకే కదా ఇచ్చినావు? ఇదో, వాపసిస్తాండా."

"మరి మబ్బులవ్వా?"

ఆమె పడమటి ఆకాశం వైపు చూసి పెదవి విరిచింది. "నిలబెడితిమి కదా, ఒక్క వానతో సరిపెట్టె. ఆ మబ్బులకు నీ ఫ్యానూ లెక్కలేదు, నేనూ లెక్కలేదు. కరెంటన్నా రానీ."

బ్రేకు తీశాను. రెక్కలు కదిలి హోరు అందుకునేదాకా ఆమె అక్కడే నిలబడి, "ఇప్పుడు బాగుండాది," అని దిగిపోయింది.

ఆ తర్వాత చాలా మారింది. రెక్కలు మన దేశంలోనే పోతపోయడం మొదలైంది. 2010 దగ్గర పడుతుండగా కొత్త మిషన్లకు తిరిగిన యూనిట్ లెక్కన ప్రోత్సాహం ఇస్తామన్నారు. అప్పుడు సేటు కొడుకు ఒక పెద్ద గాలిమర కొని, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేసి "తిరుగుతోందా, తిరుగుతోందా" అని నా ప్రాణం తీశాడు. విసుక్కుంటూనే లోపల మురిసిపోయేవాడిని.

నా చేతి కింద చేరిన పిల్ల ఇంజినీర్లకు బోల్టుల సంగతి తర్వాత, ముందు ఒకటి చెబుతాను: ఏ మిషన్ బిగించినా, అది ఆగిపోతే ఎవరికి నష్టమో కనుక్కోండి. ఎవరికీ లేకపోతే, ఎంత మంచి గాలి ఉన్నా ఏదో ఒక సాకుతో అది ఆగుతుంది. అప్పట్లో నా మిషన్ తిరగకపోతే బోరు మోటారు నిలబడిపోయి నిజంగా నష్టపోయే మనిషి దేశం మొత్తం మీద ఒక్కతే ఉండేది. దాన్ని ఆపించింది కూడా ఆమే.