రెండో ఫోటోలో నీటికుక్కలు

2023 మే 11, గురువారం. ఎమ్మిగనూరు అవతల, తుంగభద్ర ఒడ్డున కాలువ పూడిక తీసే ఉపాధి పనికి ఆ రోజు వచ్చినవారు ఇరవై ముగ్గురు.

ఆ జట్టుకు మేటు సుంకమ్మ. వయసు ముప్పై ఆరు, చదువు పదో తరగతి. మేటు పనిలో మట్టి మోయడం తక్కువ, మాట పడటం ఎక్కువ. పని మొదట్లో ఒకసారి, చివర ఒకసారి కూలీలందరూ కనిపించేలా హాజరు యాప్‌లో ఫోటో తీసి పంపాలి. రెండో ఫోటో సరిగా అందకపోతే అందరికీ ఆ రోజు పని లేనట్టే, కూలి రాదు. ఏటిగట్టున సిగ్నల్ వచ్చినా నిలవదు. అందువల్ల తీసిన ఫోటోను చూసుకోకుండానే పంపేయడం ఆమెకు అలవాటైంది.

ఆ మధ్యాహ్నం అందరూ ఎండకు సోలిపోయి ఉన్నారు. సుంకమ్మ ఏటికి వీపు పెట్టి నిలబడి యాప్ తెరిచింది. ఎదురుగా కూర్చున్న కూలీలెవరూ ఆమెను చూడటం లేదు.

"ఈ పక్క సూడండప్పా! ఏసన్నా, నిన్నే."

"నన్నేం సూస్తావు మేటమ్మా, నీ యెనక సూడు," అన్నాడు ఏసన్న.

ఆమె తిరిగింది. మడుగు పక్క బండ మీద మూడు నీటికుక్కలు. ఒకటి ముందుకాళ్ళతో చేపను పట్టుకుని తల వైపు నుంచి నములుతోంది; మిగతా రెండూ దాని మీద పడి కీచుమంటున్నాయి. ఆ ఒడ్డునే పుట్టిపెరిగిన ఉచ్చీరమ్మ, "సిన్నప్పుడు సూసినా, మల్ల ఇప్పుడే," అంది. సుంకమ్మ ఫోన్ అటు తిప్పి నొక్కింది. సిగ్నల్ కనబడింది. అలవాటుగా పంపేసింది.

పంపాక గాని తాను ఫోటో తీసింది హాజరు యాప్‌లోనని గుర్తుకు రాలేదు. మరో ఫోటోకు యాప్ ఒప్పుకోలేదు.

సాయంత్రం ఫీల్డ్ అసిస్టెంట్ హరికృష్ణ ఫోన్ చేశాడు. "ఏంది సుంకమ్మా, ఇరవై ముగ్గురు యాడ? ఈడ మూడే ఉండాయి. వాటికీ జాబ్‌కార్డు సేయించినావా?"

"తప్పు నాదే సారూ. మనుషులు నా యెనక ఉండిరి."

"నాకు తెలుసు తల్లీ, ఫోటోకు తెల్దు. ఈ పొద్దు ఏడూర్లు తిరిగినా. పైవాళ్ళతో కొట్లాడే ఓపిక నాకూ లేదు."

మరునాడు ఆమె మండల ఉపాధి కార్యాలయానికి పోయి, చాలాసేపు బెంచీ మీద కూర్చుని, జరిగింది చెప్పుకుని వచ్చింది.

తర్వాతి వారం జవాబు వచ్చింది: ఆ రోజు హాజరు చెల్లదు. సుంకమ్మ ఆ మాట అందరి ముందూ చెప్పింది. ఎవరూ తిట్టలేదు, ఆ ఎండలో తిట్టడానికీ ఓపిక కావాలి. ఉచ్చీరమ్మ మాత్రం ఆ ఫోటో ఒకసారి చూపించమంది. యాప్‌లో తీసినది ఫోన్‌లో ఉండదని సుంకమ్మ చెప్పింది.

"అయితే అదీ పాయనా," అంది ఉచ్చీరమ్మ.

ఆ మధ్యాహ్నం సుంకమ్మ జట్టునే ఏటికి వీపు పెట్టించి కూర్చోబెట్టింది.

"ఈసారి వస్తే మా యెనకాలే కూకుంటాయి. వాటికీ హాజరు పడుతుందిలే," అన్నాడు ఏసన్న.

బండ ఖాళీగా ఉంది. ఆమె ఫోటో తీసి, ఒక్కొక్క ముఖమూ సరిచూసుకుంది. చూసుకుంటుండగానే సిగ్నల్ పోయింది. అది తిరిగి వచ్చేదాకా అందరూ ఎండలో అలాగే కూర్చున్నారు.