గడువు దాటిన ముక్క

చిరిగిన పొట్ట గోడకు అతుకుగా కుట్టే ఆ పొర, సెలైన్‌లో వేసిన కాసేపటికి నానిన అప్పడంలా మెత్తబడుతుంది. పంది చర్మంలోని జీవకణాలన్నీ కడిగేసి, ఎండబెట్టి పంపుతారు. దానికి వాసన ఉండదు. అయినా ఇవాళ తిరువళ్లూరులో, నేనిప్పుడు పనిచేసే ఆసుపత్రిలో, దాన్ని వేళ్ళతో పట్టుకోగానే నాకు కల్నల్ గారి షేవింగ్ సబ్బు వాసన తగిలింది. నాకు సర్జరీ నేర్పింది ఆయనే.

పొదటూరుపేట మనిషి. సైన్యంలో బాంబు ముక్కలకు చీలిన పొట్టలు ఏళ్ళ తరబడి కుట్టి, రిటైరయ్యాక తిరుత్తణిలో మా చిన్న ఆసుపత్రికి వచ్చారు. చీము పట్టిన గాయంలో ప్లాస్టిక్ వల నిలవదనీ, ఈ పొరైతే మన కండే దాంట్లోకి అల్లుకుంటుందనీ ఆయన చేతులు చూసే తెలుసుకున్నాను. వాడాల్సిన గడువు దాటిన పొర ముక్క ఒకటి జేబులో ఉంచుకుని, ఆపరేషన్‌కు ముందు రోగి చేతిలో పెట్టేవారు. జవాన్లకూ అలాగే పెట్టేవారట.

"ఇది పంది తోలు. నీ ఒంట్లో చేరబోతా ఉండాది. ముందు పలకరించు. ఇష్టం లేకుంటే చెప్పు," అనేవారు.

మునుస్వామి మాజీ హవల్దారు. సరిహద్దులో తగిలిన పాత గాయం తిరగబెట్టి, లోపలి ప్లాస్టిక్ వల చీము పట్టి వచ్చాడు. ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి కొండ మీది స్వామికి కావడి మోస్తానని మొక్కుకుని, మెడలో మాలతో, మాంసం ముట్టని నియమంలో ఉన్నాడు. ఆ ముక్క నాకిచ్చి, చూపించమన్నారు కల్నల్ గారు. మాల చూసి నాకు భయమేసింది. వద్దంటే ఆ పొట్ట మూసే దారి లేదు. ముక్క నా కోటు జేబులోనే ఉండిపోయింది.

"చూపించినావా అమ్మాయ్?" థియేటర్లో చేతులు కడుగుతూ అడిగారు.

"చూపించాను సార్."

గాయం చక్కగా మానింది. మునుస్వామి కావడి ఎత్తుకుని కొండెక్కాడు. తర్వాత మిలిటరీ ఆసుపత్రిలో ఎవరో కేసు షీటు చదివి, లోపల వేసింది పంది తోలని చెప్పారట. నేరుగా మా దగ్గరికి వచ్చాడు.

"అడిగుంటే సరే అనుందును సార్. సామికి ముందే చెప్పుకోనుందును. తెలీకుండా మోసినాను గదా కావడి. ఇంగ ఏ మొగం పెట్టుకోని కొండెక్కేది?"

కల్నల్ గారు నావైపు ఒక్కసారి చూశారు. "చెప్పడం నేనే మరిచినానయ్యా. తప్పు నాది," అన్నారు.

నేను నోరు విప్పలేదు. సిగ్గుగా ఉంది, ఇప్పటికీ. మునుస్వామి మళ్ళీ మా ఆసుపత్రికి రాలేదు; పండక్కి కొండ మెట్ల కిందే దండం పెట్టుకుని వెళ్ళిపోతాడని విన్నాను. అతను వచ్చి అడిగిన రోజు సాయంత్రం నేను క్షమాపణ చెప్పబోతే, "పో, వార్డులో ఎదురుచూస్తా ఉంటారు," అన్నారు కల్నల్ గారు. తిట్టి ఉంటే బాగుండేది. నన్ను కాపాడి నా నోరు మూసేశారని ఆయన మీద కోపం కూడా ఉంది. ముక్క తిరిగి తీసేసుకున్నారు. చనిపోయేదాకా ప్రతి రోగి దగ్గరికీ తనే వెళ్ళారు. "చూపించినావా" అని నన్ను మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు నా జేబులోనూ ఒక ముక్క ఉంటుంది. ఈ ఉదయం కూడా రోగి చేతిలో పెట్టి, ఏమిటో చెప్పి, సరేనన్నాకే థియేటర్‌కు వచ్చాను. చేతులు కడుగుతూ, "చూపించాను సార్," అని పైకే అన్నాను. ఆయన ఉన్నా నమ్మేవారు కాదు.