ఎద్దును నిలబెట్టి గీసిన రోజు

మూడేళ్ల కిందట బొమ్మలు గీసుకుంటూ ఆదిలాబాద్ పల్లెల్లో తిరుగుతున్నాను. ఒక పత్తిచేను గట్టున ఎద్దు పడుకుని కనిపించింది. నిద్రపోతోందనుకుని పెన్సిల్‌తో గబగబా గీసేశాను. ఇంతలో చేనుగల ముసలామె వచ్చి కాగితంలోకి తొంగిచూసింది.

"గిది మా ఎద్దే బిడ్డా. పొద్దుగాల పాము కరిసి పానం ఇడిసింది" అంది.

సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది. తప్పయిందంటూ కాగితం చింపబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఇట్ల పడ్డది వద్దు. పదేండ్లు మా చేను దున్నింది. జర నిలవడ్డట్టు గియ్యరాదు?"

ఆమె చెబుతుంటే వంకర కొమ్ము, మెడ మీద కాడి ఒరుసుకున్న మచ్చ, అన్నీ గీసి ఇచ్చాను. బొమ్మను రెండు చేతులా పట్టుకుని, వెళ్లి ఎద్దు పక్కన కూర్చుంది.

అప్పటినుంచి ఏ జీవాన్ని గీయాలన్నా ముందు దాని మనిషిని పలకరిస్తున్నాను.