ఒకే ఆకు, రెండు కేసులు

2008లో నేను మస్కట్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ ఫార్మసిస్టును. మత్తు మందుల బీరువా నా అధీనంలో ఉండేది. రెండు తాళాలు, ఇద్దరి సంతకాలు లేనిదే మార్ఫిన్ చుక్క బయటికి రాదు. రోగికి నొప్పి మాత్రం ఎవరి సంతకమూ లేకుండానే వచ్చేది.

ఆ వేసవిలో విమానాశ్రయంలో పట్టుబడిన రెండు మందుల మీద అభిప్రాయం రాసిమ్మని కస్టమ్స్ వాళ్లు మమ్మల్ని అడిగారు. మొదటిది ఒక పెద్ద కంపెనీ విదేశీ మేనేజరుది. నరాల జబ్బుతో కాళ్లు బిగుసుకుపోతుంటే వాళ్ల దేశపు డాక్టరు రాసిచ్చిన గంజాయి సారం స్ప్రే. రెండోది కడప నుంచి ఇంటిపనికి వచ్చిన ఓబుళమ్మ లేహ్యం. అందులోనూ గంజాయి ఆకే. ఆమె దగ్గరా వైద్యుడి చీటీ ఉంది. ముందస్తు అనుమతి ఇద్దరికీ లేదు. చట్టం దృష్టిలో తేడా లేదు కనుక మేనేజరును కాఫీ ఇచ్చి ఇంటికి పంపారు, ఓబుళమ్మను లాకప్‌లో ఉంచారు.

తెలుగువాణ్నని అనువాదానికీ నన్నే పిలిచారు.

"గంజాయి తాగేటోళ్లను మా వీధిలోకే రానీను సార్. ఇది కడుపునొప్పికని వైద్యుడు ఇచ్చినాడు. నన్ను జైల్లో ఏస్తారా?" అంది ఓబుళమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఆయనది మందు, ఈమెది గంజాయి అన్నాడు అధికారి మర్యాదగా, ఉర్దూలో. ఎలా తెలిసిందని అడిగాను. ఆయన డబ్బా మీద ఇంగ్లీషు ఉందట.

రెండూ ఒకే మొక్క అని రాశాను. ఆ కంపెనీ ఉద్యోగులంతా మా ఆసుపత్రికే వస్తారు కాబట్టి మా అడ్మినిస్ట్రేటరుకు భాష మీద హఠాత్తుగా శ్రద్ధ పుట్టింది. "గంజాయి అనే మాటెందుకండీ? మొక్క నుంచి తీసిన పదార్థం అంటే చాలదా?" అన్నారు.

చాలునన్నాను. రెండు రిపోర్టుల్లోనూ మార్చాను. ఆయన ఒకటే చదివి రెండింటి మీదా సంతకం పెట్టారు.

ఇక ఆమెను జైలుకు పంపాలంటే మేనేజరునూ పంపాలి. అది కుదిరే పని కాదు. రెండు కేసులూ మూసేశారు. మేనేజరు విషయంలో మందును వెనక్కి పంపి, మనిషిని ఉండనిచ్చారు. ఓబుళమ్మ విషయంలో మందును ఉంచుకుని, మనిషిని వెనక్కి పంపారు. మేనేజరుకూ వేరే మందు దొరకలేదు. గోడ పట్టుకుని నడుస్తూ డ్యూటీకి వెళ్లేవాడు.

సీసాలో ఏముందో చూడమని చట్టం చెబుతుంది, అది ఎవరి చేతిలో ఉందో ముందు చూస్తారు. ఆ తర్వాత ఏ మందు మీద అభిప్రాయం రాసినా, అది ఎవరిదో పేరు చూడకుండానే రాశాను.