చేయించని కసరత్తు

మహేందర్ దంతాలపల్లిలో దర్జీ. ఇంటి ముందు గదిలోనే మిషన్ పెట్టుకుని బడి పిల్లల యూనిఫారాలు కుడతాడు. భార్య గీత పొద్దున్నే కూలికి పోయి చీకటి పడ్డాక వస్తుంది కనుక, ఎనిమిదేళ్ల కూతురు అఖిల కాళ్ల కసరత్తు అతని వంతుకు వచ్చింది.

అఖిలది అరుదైన నరాల జబ్బు. కాళ్లు మెల్లమెల్లగా బిగుసుకుపోతాయి, మడమలు నేలకు ఆనవు. పూర్తిగా నయం చేసే మందు లేదు. జనగామలో ఫిజియోథెరపీ చేసే సునంద మేడం అతనికి నేర్పింది: పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా పట్టుకుని, పాదాన్ని మెల్లగా పైకి నొక్కి ముప్పై లెక్కపెట్టాలి. పొద్దున, సాయంత్రం. చేయించిన ప్రతిసారీ ఆమె ఇచ్చిన కాగితం మీద టిక్కు పెట్టాలి.

రెండు వారాలు బాగానే చేయించాడు. తర్వాత బడులు తెరిచారు. కుట్టాల్సిన గుడ్డలు కుప్పపడ్డాయి. అఖిల "బాపూ, నొప్పి లేస్తాంది, ఇడిసిపెట్టు" అని ఏడుస్తుంటే గుడ్డలిచ్చేందుకు వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి చూసేవాళ్లు. పక్కింటి ఓదెమ్మ ఒకరోజు, "పొల్లను గట్ల గోస పెడ్తానవేందిరా?" అంది. నలుగురిలో అతనికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం కసరత్తు చేయించలేదు. గీత అడుగుతుందని టిక్కు మాత్రం పెట్టాడు. పోనుపోను వారం టిక్కులన్నీ ఒక్కసారే పెట్టేవాడు, అనుమానం రాకుండా పెన్నులు మార్చి మరీ.

మూడు నెలలకు ముగ్గురూ జనగామ పోయారు. సునంద మేడం అఖిల పాదం ఎంత వంగుతుందో కొలిచింది. నమ్మకం కుదరక మళ్లీ కొలిచింది. కాగితం తిరగేసింది.

"ఇంత మంచిగ చేయించినా బిగుసుకుందంటే జబ్బే ముదురుతున్నట్టుంది. ఆపరేషన్ అవసరమైతదేమో, హైదరాబాద్‌లో చూపిద్దాం."

గీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేడం పిల్లను అడిగింది, "బాపు రోజూ చేయిస్తున్నడా?"

అఖిల తండ్రి మొహం చూసింది. "రోజూ చేయిస్తడు మేడం. నేనే ఏడుస్త."

అలా చెప్పమని పిల్లకు ఎవరూ నేర్పలేదు. మేడం హైదరాబాద్ ఆసుపత్రికి రాసిచ్చిన చీటీ తీసుకుని మహేందర్ భార్యాబిడ్డల వెనకే బస్టాండు దాకా నడిచాడు. బస్సు వచ్చినా ఎక్కలేకపోయాడు.

"గీతా, నేను చేయించలే. టిక్కులన్నీ ఉత్తయే."

గీత బస్సు వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. "నాకు గాదు, పోయి ఆమెకు చెప్పు," అంది.

వెనక్కి పోయి చెప్పాడు. సునంద మేడం అరవలేదు. "రెండుసార్లు కుదరకుంటే ఒక్కసారే చేయించు. అదైనా కుదరకుంటే కుదర్లేదని చెప్పు. నీ టిక్కులు చూసి నేను పిల్లను కోతకు పంపేదాన్ని గదా," అంది.

ఆరు వారాలు పాదాలను కొంచెం కొంచెం పైకి వంచి పిండికట్లు వేశారు, వారం వారం మారుస్తూ. ఆపరేషన్ తప్పింది. ఇప్పుడు గుమ్మంలో ఎవరున్నా మహేందర్ మిషన్ ఆపి పిల్ల దగ్గర కూర్చుంటాడు. ఒక పొద్దున, "మేడంకు అట్ల ఎందుకు చెప్పినవ్ బిడ్డా?" అని అడిగాడు.

"నిన్ను తిడ్తదని," అంది అఖిల.

ఆమె కుడి మడమ నేలకు ఆనింది. ఎడమది ఇంకా వేలెడు ఎత్తులోనే ఉంది. అది జబ్బు వల్లనా, ఆ మూడు నెలల వల్లనా అని మేడంను అడిగే ధైర్యం మహేందర్‌కు ఇప్పటికీ రాలేదు.