చంద్రప్ప పెద్దనాయిన చదివిన పుట

ఈ ఉదయం మా వీధిలో ఎవరో పడుగు దారాలు సాగదీసి గంజి పెడుతున్నారు. పులిసిన బియ్యపు గంజి వాసన కిటికీలోంచి వచ్చి నా చాయ్ కప్పు పక్కన కూర్చుంది. గద్వాలలో నేతపని ఇళ్ల మధ్య పుట్టినవాడికి అదేమంత విశేషం కాదు. నాకు మాత్రం, డెబ్బై దాటిన ఈ వయసులోనూ, ఆ వాసన తగిలితే ఎవరో నన్ను సంజాయిషీ అడగబోతున్నట్టు ఉంటుంది. అది చంద్రప్ప పెద్దనాయిన చేతుల వాసన. ఆయన నాకు రక్తసంబంధి కాదు. రెండిళ్ల అవతల ఆయన మగ్గం. అయినా నన్ను మగ్గం గుంతలోంచి లేపి హైదరాబాదు కాలేజీకి పంపమని మా నాయనతో మూడు రోజులు కొట్లాడింది ఆయనే. "ఒక్కడు సదివితె వీధికంత కండ్లొస్తయి" అన్నాడట. ఆ కళ్లు ఎటు చూశాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను చదువు ముగించుకుని వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలుకాని రోజుల్లో. నిజాం సర్కారు బడిలో చదువంతా ఉర్దూలో. పిల్లలకు నాలుగు ముక్కలు తెలుగు రావాలని ఊళ్లో కొందరు చందాలతో ఒక బడి కట్టారు. చందా ఇచ్చిన ఇంటికి కమిటీలో ఒక చెయ్యి, అంటే ఒక ఓటు, ఆ ఇంటి పిల్లలకు బడిలో చోటు అన్నది నియమం. నేతగాళ్లు తలా ఒక పంచె నేసి ఇచ్చారు. బట్టల సాహుకారు పైకప్పుకు టేకు దూలాలు ఇచ్చాడు. నేను ఇవ్వగలిగింది నా బి.ఏ. ఒక్కటే కాబట్టి నన్ను కార్యదర్శిని చేశారు. అంటే తీర్మానాల పుస్తకం రాసేవాణ్ణి. చంద్రప్పకు చదువు రాదు. అయినా ప్రతి సభలో ఆయనదొక్కటే పట్టు: "చెయ్యి లేపితె సాలదు బిడ్డా, పేరు రాయాలె. చెయ్యి దించంగనె మనిషి మారుతడు." నేను పేర్లు రాసి పైకి చదవాలి, ఆయన కళ్లు మూసుకుని వినాలి. అదొక తంతుగా సాగింది.

గోడలకు రాళ్లు గుట్ట మీంచి మోసింది ఊరవతలి వాడ కూలీలు. వాళ్ల పెద్ద ఏసన్న. కూలి ఇస్తామంటే, "బడికి గద, వద్దు" అన్నాడు. గోడలు లేచాక, కప్పు పడ్డాక, ఒకరోజు చంద్రప్ప లేచి, "ఏసన్నోళ్లు గూడ చందా ఇచ్చినోళ్లే. ఆళ్లకూ ఒక చెయ్యి ఉండాలె, ఆళ్ల పిల్లలు లోపల కూసోవాలె" అన్నాడు. సభ పెట్టడానికి వారం పట్టింది. ఆ వారంలో ఆయన ఇంటింటికీ తిరిగాడు. మా ఇంటికీ వచ్చాడు. "నా చెయ్యి నీదే పెద్దనాయినా, నన్నడగాల్నా?" అన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను. అనేటప్పుడు ఖర్చేమీ లేదు.

సభ రోజు ఏసన్నను రమ్మన్నారు, లోపలికి మాత్రం కాదు. తలగుడ్డ చేతుల్లో పట్టుకుని గడప అవతల నిలబడ్డాడు. సాహుకారు మొదలుపెట్టాడు: "పంచెలిచ్చిన్రు, చందా. నేను దూలాలిచ్చిన, చందా. రాళ్లు మోసుడు చందా యెట్లయితది?"

"ఆళ్ల నడుములిచ్చిన్రు గద, సావుకారీ. నీ దూలాలు దేని మీద నిలవడ్డయి?" చంద్రప్ప అడిగాడు.

"గట్లనా? ఆళ్ల పిల్లలొస్తే నా దూలాలు నేను గుంజుకపోత."

అందరూ పైకప్పు వైపు చూశారు, అది అప్పుడే కదులుతున్నట్టు. నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. నలుగురు బిగుసుకుపోయి కూర్చుంటే ఏదో ఒకటి అని నవ్వించకుండా ఉండలేను. కాలేజీలో దాన్ని ప్రతిభ అనేవారు. "అట్లయితే రాళ్లు మోసిన గాడిదలకు గూడ ఓటియ్యాలె. అవి మనకన్న నిదానంగ ఆలోచిస్తయి" అన్నాను.

సభంతా విరగబడి నవ్వింది. ఆ చురక కమిటీ మీద వేసిందేనని ఆ తర్వాత చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కానీ నవ్వేవాళ్లు చూసింది గడప వైపు. ఏసన్న కూడా నవ్వాడు. పెద్దలు నవ్వినప్పుడు నవ్వకపోతే బాగుండదని ఆయనకు ఎవరో ఎప్పుడో నేర్పి ఉంటారు. నవ్వి, తలగుడ్డ చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత వాదన జరగలేదు. నవ్విన నోటితో వాదించడం కష్టం. ఒప్పుకున్నవాళ్లు చెయ్యి ఎత్తమంటే ఒక్క చంద్రప్ప చెయ్యి లేచింది. నేను తల వంచుకుని కలానికి సిరా అద్దుకుంటున్నట్టు సిరాబుడ్డిలో తిప్పుతున్నాను. సాహుకారు నా చెవిలో, "వనపర్తి, నాగర్‌కర్నూలుకు చందాలకు పోవాలె. ఆడ ఈ బుక్కు సూపియ్యాలె. ఇంటి కొట్లాట రాతల పెట్టకు" అన్నాడు. నేను రాశాను.

చంద్రప్ప చెయ్యి ఇంకా దించలేదు. "రాసినవా?"

"రాసిన."

"సదువు."

"చంద్రప్ప ఒక్కరు తప్ప మిగిలినవారంతా వద్దన్నారు" అని చదివాను. ఆయన చెయ్యి దించాడు. పుస్తకంలో ఉన్నది అది కాదు.

నాలుగు రోజుల తర్వాత ఆయన పలక పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఎవరి పలకో అనుకున్నాను. "బళ్లె ఆళ్లకు సోటు లేకపాయె. నాకైన నేర్పు, నేను పోయి ఆళ్లకు చెప్త" అన్నాడు. ఆయనకు అప్పుడు అరవై. కాదనడానికి ఒక్క హాస్యం కూడా దొరకలేదు. మధ్యాహ్నం మగ్గం ఆపి, గుంత అంచున కూర్చుని నేర్చుకునేవాడు. గుణింతాలు చూసి, "గుడి, కొమ్ము... అన్ని మా చీర అంచుల్లో ఉన్నయే గద, మీరెప్పుడు ఎత్తుకపోయిన్రు?" అని నవ్వాడు. నేత నేర్చిన వేళ్లు. రాత త్వరగానే కుదిరింది. చదవడమే నత్తనడక. ఒత్తు దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, దాటేవాడు. ఆ నాలుగు నెలలూ నేను గొప్ప సంతోషంగా ఉన్నాను. చేసినదానికి ఇది పరిహారం అనుకున్నాను కాబోలు.

ఒక మధ్యాహ్నం చదవడానికి ఏమైనా ఇమ్మన్నాడు. నేను లోపలికి వెళ్లి పెద్దబాలశిక్ష వెతికి తెచ్చేలోపు, బల్ల మీదున్న తీర్మానాల పుస్తకం ఆయన ఒళ్లో ఉంది. వేలు అక్షరం మీద పెట్టి చదువుతున్నాడు. "స... భ్యు... లం... ద... రి... స... మ్మ... తి... తో..." ఒత్తులన్నీ సరిగ్గా పలికాడు. నేర్పినవాడికి గర్వంగా ఉండాల్సిన సమయం. ఏసన్న వాళ్లకు చోటు లేదన్న ఆ పుట చివరిదాకా చదివి, మళ్లీ మొదటికి వచ్చి ఇంకోసారి చదివాడు. తాను తప్పు చదివానేమోనని ఆయన అనుకుంటున్నాడని నాకు అర్థమైంది.

"బిడ్డా, గిది ఆ దినందే గద?"

"అవును పెద్దనాయినా."

"నేనెప్పుడు సమ్మతించిన?"

నేను కలం అందుకున్నాను. "కొట్టేస్త. ఇప్పుడే కొట్టేస్త."

"కొట్టెయ్యకు. కొట్టేస్తె ఏం జరగనట్టే ఉంటది. కింద రాయి, నా చెయ్యి లేసిందని." రాశాను. ఈసారి ఆయన పైకి చదివించుకోలేదు, తనే చదువుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "నీ చెయ్యి యాడుండె?"

"నేను రాసుకుంట ఉంటి."

"మరి గదే రాయి." నా కలం కదల్లేదు. "సరె. నేను జెప్పి రాపిస్తె అది నా రాతయితది" అని పలక తీసుకుని లేచాడు.

ఆయన మళ్లీ పాఠానికి రాలేదు. ఏసన్న వాడలో ఒక గుడిసె ముందు, తనకు వచ్చినంతవరకు చెబుతున్నాడని విన్నాను. వీధిలో ఎదురైతే ఎప్పటిలాగే "బాగున్నవా బిడ్డా" అనేవాడు. కోప్పడి ఉంటే బదులు చెప్పేవాణ్ణి. మూడేళ్ల తర్వాత పోయాడు. పాడె వెనక వాడ పిల్లలు నడిచారు, మా నుంచి పదడుగుల దూరంలో.

కాలం మారి, పైనుంచి హుకుం వచ్చి, ఆ పిల్లల పిల్లలు మా బళ్లో కూర్చున్నారు. దూలాలను ఎవరూ గుంజుకుపోలేదు. ఆ ఏటి వార్షికోత్సవంలో, కమిటీ మొదటి నుంచీ విశాల దృష్టితో నడిచిందని ఉపన్యసించింది నేనే. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఇప్పటికీ నా మాటకు నలుగురు నవ్వితే నా చూపు ముందు గడప మీదికి పోతుంది, అక్కడెవరైనా ఉన్నారేమోనని. పుస్తకం ఎప్పుడో చెదలు తినేసింది. అందులో ఆయన పేరు నా చేతిరాతతో ఉండేది, దాని కింద ఒక వరుస ఖాళీగా ఉండేది. ఆ వరుస ఇది: కార్యదర్శి ముందే మాట ఇచ్చి, సభలో నవ్వించి, చెయ్యి ఎత్తలేదు.