మా బాపు నిద్ర

చిన్నప్పుడు బడికి బదులు బీడీలు చుట్టాను. అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. బాపు గురించి ఇప్పుడే రాయగలిగాను.

రాత్రంతా నిద్రపోయినా, ఎల్లారెడ్డి సంత నుంచి బండి తోలుతూ కునికేవాడు. ఎడ్లే ఇల్లు చేర్చేవి. గురక నడుమ ఊపిరి ఆగేది; ఉలిక్కిపడి గాలి పీల్చేవాడు.

"నీ గురకకు ఎడ్లు బెదురుతున్నయ్," అనేది అమ్మ.

"మా నాయినది గూడ గిదే నిద్ర. మా ఇంటి ఆస్తి," అని నవ్వేవాడు.

ఆ నిద్రలోనే పోయాడు.

ఏళ్ల తర్వాత, ఒక మధ్యాహ్నం తమ్ముడు మా ఇంట్లో పడుకున్నాడు. అదే గురక. బాపు వచ్చినట్టే అనిపించి పక్కన కూర్చున్నాను. ఇంకాసేపు వినాలనిపించింది. అంతలో వాడి ఊపిరి ఆగింది. తట్టి లేపి, డాక్టరుకు చూపిద్దామన్నాను.

"నిద్రకు గూడ దవాఖానేనా అక్కా?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వాణ్ని కామారెడ్డి తీసుకుపోయి, డాక్టరుకు ముందుగా బాపు సంగతి చెప్పాను.